కెర్నెల్‌లో సెక్యూరిటీ బగ్ సరిచేయడం: క్రాష్ లాగ్ నుంచి స్టేబుల్ ప్యాచ్ దాకా

"అన్నా, కెర్నెల్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ దొరికింది, ఒక నల్ చెక్ పెట్టాను, క్రాష్ ఆగిపోయింది, ఇక పంపించేయనా?" ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టడం మానేశాను. (యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటే వదిలేసిన మెమరీని ఆ తర్వాత కూడా వాడటం, నల్ చెక్ అంటే పాయింటర్ ఖాళీగా ఉందేమో చూసుకోవడం.) జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే: ఆగు. క్రాష్ ఆగడం వేరు, రంధ్రం పూడటం వేరు. కెర్నెల్‌లో పేలిన చోటు ఒకటి ఉంటుంది, నిప్పు పెట్టిన చోటు ఇంకోటి ఉంటుంది, మనవాళ్లలో చాలామంది పేలిన చోట నీళ్లు పోసి వచ్చేస్తారు.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్ కెర్నెల్ గురించే, అందులోనూ ఎక్కువగా మెమరీ బగ్‌ల గురించి. సీ భాష, గిట్, కెర్నెల్ బిల్డ్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కమాండ్లూ ఫంక్షన్ పేర్లూ నోటితో పలికినట్టే రాశాను, టైప్ చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే వాడండి.

1. మొదటి గంట: ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

బగ్ ఎలా మీ చేతికొచ్చిందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. సిజ్‌బాట్ లాంటి ఆటోమేటిక్ ఫజర్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇచ్చి బగ్‌లు వెతికే ప్రోగ్రామ్) రిపోర్ట్ అయితే అది ఇప్పటికే పబ్లిక్, దాచడానికేం లేదు, నేరుగా ఆ సబ్‌సిస్టమ్ మెయిలింగ్ లిస్ట్‌లో ప్యాచ్ పంపేయొచ్చు.

మీరే కనిపెట్టారు, మామూలు యూజర్ దీంతో రూట్ అయిపోవచ్చని అనుమానంగా ఉంది, అప్పుడు మాత్రం సెక్యూరిటీ ఎట్ కెర్నెల్ డాట్ ఆర్గ్‌కి, ఆ కోడ్ మెయింటెయినర్లకి కలిపి మెయిల్ పెట్టాలి. మెయింటెయినర్లు ఎవరో గెట్ మెయింటెయినర్ స్క్రిప్ట్ చెబుతుంది. ఆ టీమ్ ఎక్కువ రోజులు రహస్యం పాటించదు: ఫిక్స్ తయారయ్యాక మామూలుగా 7 రోజులు, మరీ తప్పనిసరైతే 14 రోజులు, అంతే. నెలల తరబడి దాచమని అడిగితే ఒప్పుకోరు.

సీవీఈ నంబర్ (సెక్యూరిటీ బగ్‌కి ఇచ్చే బహిరంగ గుర్తింపు సంఖ్య) కోసం మొదటి రోజే హడావుడి పడకండి. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నెల్‌కి నంబర్లు ఇచ్చేది కెర్నెల్ వాళ్ల సొంత సీవీఈ టీమే. మామూలుగా ఫిక్స్ స్టేబుల్ చెట్టులోకి (విడుదలైన కెర్నెల్స్‌కి ఫిక్స్‌లు చేర్చే గిట్ చెట్టు) వెళ్లాకే నంబర్ వస్తుంది, ఫిక్స్ లేని బగ్‌కి దానంతటదే నంబర్ రాదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు తీవ్రతను తక్కువగా అంచనా వేయడం. "ఈ దారిలోకి రావాలంటే నెట్ అడ్మిన్ హక్కు కావాలి, అంటే రూటే కదా, ఏం ఫర్వాలేదు" అంటారు. చాలా డిస్ట్రోల్లో మామూలు యూజర్ కూడా కొత్త యూజర్ నేమ్‌స్పేస్ (తనకంటూ వేరే యూజర్లు, హక్కులు ఉండే గది లాంటిది) తెరుచుకుని, ఆ లోపల నెట్ అడ్మిన్ హక్కు (నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే హక్కు) తెచ్చుకోగలడు. కోడ్‌లో చెక్ క్యాపబుల్‌తో (అసలు సిస్టమ్ మీద హక్కు అడిగేది) ఉందా, ఎన్ఎస్ క్యాపబుల్‌తో (నేమ్‌స్పేస్ లోపలి హక్కుతో సరిపెట్టుకునేది) ఉందా చూడండి. రెండోదైతే ఆ తలుపు అందరికీ తెరిచే ఉందనుకోండి.

మెయిల్ పెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ఏ వెర్షన్, ఏ కమిట్ మీద కనిపించింది
- కాన్ఫిగ్ ఫైల్
- బగ్‌ను రప్పించే చిన్న ప్రోగ్రామ్, లేకపోతే కనీసం క్రాష్ లాగ్ మొత్తం
- ఏ హక్కులున్న యూజర్ దీన్ని తాకగలడు
- సాదా టెక్స్ట్ మెయిలేనా (హెచ్‌టీఎంఎల్ కాదు, జిప్ కాదు, స్క్రీన్‌షాట్ అసలే కాదు)

2. ల్యాబ్ సిద్ధం చేసుకోవడం

సొంత ల్యాప్‌టాప్ మీద కెర్నెల్ బగ్‌తో ఆడుకోవద్దు. నేను ఒకసారి ఆడాను, సంక్రాంతికి ఊరెళ్లే ముందు రోజు. పాడైన మెమరీ ముక్క కాస్తా ఫైల్ సిస్టమ్ దాకా పాకింది, పండగ మూడు రోజులూ బ్యాకప్‌ల వేటలోనే గడిచాయి. క్యూఎంయూలో ఒక చిన్న వర్చువల్ మెషీన్ చాలు. వర్ట్‌మీ ఎన్‌జీ అనే టూల్ ఉంటే ఇంకా సుఖం, బిల్డ్ చేసిన కెర్నెల్‌ని అక్కడికక్కడే లేపుతుంది.

కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఆన్ చేయాల్సినవి:

- కాసాన్: చచ్చిపోయిన మెమరీని ఎవరు ముట్టుకున్నా, హద్దు ఎవరు దాటినా పట్టుకుంటుంది. మామూలు మోడ్‌లో మెమరీలో ఎనిమిదో వంతు తన లెక్కలకే తీసుకుంటుంది, అందుకని మెషీన్‌కి కనీసం 2 జీబీ ఇవ్వండి.
- ప్రూవ్ లాకింగ్, అంటే లాక్‌డెప్: లాకుల వరుస తప్పితే అరుస్తుంది.
- డీబగ్ అటామిక్ స్లీప్: స్పిన్‌లాక్ (పట్టుకుని నిద్రపోకూడని లాక్) పట్టుకుని నిద్రపోయే కోడ్‌ని పట్టిస్తుంది.
- యూబీసాన్: సీ భాషలో నిర్వచనం లేని పనుల్ని చూపిస్తుంది.
- డీబగ్ ఇన్ఫో: ఇది లేకపోతే స్టాక్ ట్రేస్‌లో లైన్ నంబర్లు రావు.

కేసీసాన్‌ను (డేటా రేస్‌లు పట్టే టూల్) కాసాన్‌తో కలపలేరు, అది వేరే బిల్డ్. రేస్ బగ్ (రెండు దారులు ఒకే డేటాని ఒకేసారి తాకడం వల్ల వచ్చేది) అని అనుమానం ఉన్నప్పుడు రెండో కెర్నెల్‌గా దాన్ని కట్టుకోండి.

ఇంకొకటి, కాసాన్ మామూలుగా మొదటి రిపోర్ట్ చూపించి ఆ తర్వాత నోరు మూసుకుంటుంది. అన్నీ కావాలంటే బూట్ లైన్‌లో కాసాన్ మల్టీ షాట్ అని ఇవ్వాలి. ఇది తెలియక "రెండో బగ్ రావట్లేదు, ఫిక్స్ అయిపోయినట్టుంది" అనుకున్నవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఉన్నాను.

3. బగ్‌ను మళ్లీ రప్పించడం

రప్పించలేని బగ్‌ని సరిచేశామని చెప్పుకోవడం గాల్లో మేడలు కట్టడమే. మొదట మీ దగ్గరున్న ప్రోగ్రామ్‌ని వంద సార్లు నడిపి, ఎన్నిసార్లు పేలిందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకె చివర్లో టెస్టింగ్‌కి చాలా అవసరం.

రేస్ బగ్ అయితే ఇరవైకొకసారి పేలొచ్చు, రెండు వందలకొకసారి పేలొచ్చు. అలాంటప్పుడు కిటికీని, అంటే రేస్ జరగడానికి వీలున్న ఆ కొద్ది సమయాన్ని, పెద్దది చేయాలి. చెక్ చేసే లైన్‌కీ వాడే లైన్‌కీ మధ్య తాత్కాలికంగా ఎండిలే పెట్టి 50 మిల్లీసెకన్లు ఆపండి (నిద్రపోవడానికి వీలున్న చోటైతే ఎంస్లీప్). ఇరవైకొకసారి పేలేది దాదాపు ప్రతిసారీ పేలుతుంది. ఈ ఆలస్యం లైన్‌ని వేరే కమిట్‌గా దాచుకోండి, మర్చిపోయి అసలు ప్యాచ్‌లో పంపేస్తే పరువు పోతుంది.

4. కాసాన్ రిపోర్ట్ చదవడం

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. యూఎస్‌బీకి తగిలించే ఒక చిన్న సెన్సర్, దానికో డ్రైవర్. తగిలించగానే ప్రోబ్ ఫంక్షన్ ఒక స్ట్రక్ట్‌కి మెమరీ తీసుకుంటుంది. ప్రతి 100 మిల్లీసెకన్లకి ఒక డిలేడ్ వర్క్ (కాసేపాగి నడవమని క్యూలో పెట్టిన పని) లేచి రీడింగ్ తీసుకుని, మళ్లీ తనను తాను క్యూలో పెట్టుకుంటుంది. సెన్సర్ పీకేస్తే డిస్‌కనెక్ట్ ఫంక్షన్ వర్క్‌ని క్యాన్సిల్ చేసి, కేఫ్రీతో ఆ మెమరీని వదిలేసి వెళ్లిపోతుంది. చూడటానికి బాగానే ఉంది కదా. వేగంగా పీకి పెడుతూ ఉంటే కాసాన్ అరుస్తుంది.

రిపోర్ట్ పొడవుగా ఉంటుంది కానీ చూడాల్సినవి మూడు స్టాకులే.

మొదటిది ముట్టుకున్న స్టాక్. "సెన్సర్ పోల్ వర్క్‌లో 4 బైట్లు చదివారు, చదివింది కేవర్కర్" అని ఉంటుంది. కేవర్కర్ అంటే క్యూలోని పనుల్ని నడిపే కెర్నెల్ థ్రెడ్. రెండోది ఆ మెమరీని ఎవరు తీసుకున్నారు: ప్రోబ్. మూడోది ఎవరు వదిలేశారు: డిస్‌కనెక్ట్, అది నడిచింది యూఎస్‌బీ హబ్ పని చూసే ఇంకో కేవర్కర్‌లో. కింద ఇంకో లైన్: "192 బైట్ల ముక్కలో 72వ బైట్ దగ్గర". పాహోల్ టూల్‌తో ఆ స్ట్రక్ట్‌ని తెరిచి 72వ బైట్‌లో ఏ ఫీల్డ్ ఉందో చూస్తే, వర్క్ ఏ లైన్‌లో ఉండగా కింద నేల జారిపోయిందో తెలిసిపోతుంది.

కొత్తవాళ్లు మొదటి స్టాక్ చూసి అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే అది పైన ఉంటుంది, లైన్ నంబర్ కూడా చెబుతుంది. అసలు కథ ఒకటో స్టాక్‌కీ మూడో స్టాక్‌కీ మధ్య ఉంటుంది. "వదిలేసినవాడు, ఇంకా వాడుతున్నవాడి కోసం ఎందుకు ఆగలేదు?" ఈ ప్రశ్నకి ఒక వాక్యంలో జవాబు రాయండి. రాయలేకపోతే మీరింకా ఫిక్స్‌కి సిద్ధంగా లేనట్టే.

మన ఉదాహరణలో జవాబు ఇది: డిస్‌కనెక్ట్ వాడిన క్యాన్సిల్ డిలేడ్ వర్క్, క్యూలో ఉన్న వర్క్‌ని తీసేస్తుంది గానీ, అప్పటికే నడుస్తున్న వర్క్ పూర్తయ్యేదాకా ఆగదు.

స్టాక్‌లో అడ్రస్‌లే కనిపిస్తుంటే డీకోడ్ స్టాక్‌ట్రేస్ స్క్రిప్ట్‌కి అదే బిల్డ్‌లోని విఎంలినక్స్ ఫైల్ ఇవ్వండి. "అదే బిల్డ్" అన్న మాట గట్టిగా పట్టుకోండి, వేరే బిల్డ్ ఫైల్ ఇస్తే తప్పుడు లైన్ నంబర్లు చూపించి సాయంత్రమంతా తిప్పుతుంది.

5. బగ్ ఎప్పుడు పుట్టింది

ప్యాచ్‌లో ఫిక్సెస్ అనే ట్యాగ్ పెట్టాలి, అది బగ్‌ని తెచ్చిన కమిట్‌ని చూపిస్తుంది. ఏయే పాత కెర్నెల్స్‌కి ఫిక్స్ వెళ్లాలో స్టేబుల్ వాళ్లు దాన్ని బట్టే తేల్చుకుంటారు కాబట్టి, అది తప్పితే లక్షల మెషీన్లు ప్యాచ్ లేకుండా మిగిలిపోతాయి.

గిట్ బ్లేమ్‌తో మొదలుపెట్టండి. తేలకపోతే గిట్ బైసెక్ట్. ఒక్కో రిలీజ్‌లో పదివేల పైన కమిట్లు ఉంటాయని భయపడక్కర్లేదు, సగం సగం చేసుకుంటూ పోతుంది కాబట్టి 14 బిల్డుల్లో తేలిపోతుంది. ఒక రాత్రి పని.

కానీ బైసెక్ట్ చూపించేది బగ్ బయటపడిన కమిట్‌ని, పుట్టిన కమిట్‌ని కాదు. దీనికి డర్టీ పైప్ అనే బగ్ కంటే మంచి ఉదాహరణ లేదు. సీవీఈ-2022-0847. మాక్స్ కెల్లర్‌మన్ అనే ఆయన, పాడైపోతున్న లాగ్ ఫైళ్ల వెంటపడి దీన్ని పట్టుకున్నాడు. పైప్ (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పంపే గొట్టం) బఫర్‌లో ఫ్లాగ్స్ అనే ఫీల్డ్‌ని సున్నా చేయడం 2016లో వచ్చిన కోడ్‌లో మర్చిపోయారు. నాలుగేళ్లు ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ ఫ్లాగ్స్‌లో ప్రమాదకరమైనదేదీ లేదు. 2020లో 5.8 వెర్షన్‌లో "ఈ బఫర్‌లో ఇంకా రాయొచ్చు" అనే కొత్త ఫ్లాగ్ చేరింది. అంతే, పాత చెత్త విలువ కాస్తా, చదవడానికి మాత్రమే హక్కున్న ఫైళ్లలో రాసే తాళంచెవి అయిపోయింది.

దాన్ని బైసెక్ట్ చేస్తే 5.8 దగ్గర ఆగుతుంది. ఫిక్స్ మాత్రం రెండు ఫంక్షన్లలో ఫ్లాగ్స్‌ని సున్నా చేసే రెండు లైన్లు, దాని ఫిక్సెస్ ట్యాగ్ చూపించేది 2016 నాటి కమిట్‌ని. పద్ధతిగా జరిగితే ఎంత వేగంగా అవుతుందో కూడా అక్కడే చూడొచ్చు: 2022 ఫిబ్రవరి 20న సెక్యూరిటీ టీమ్‌కి రిపోర్ట్, 23కల్లా 5.16.11, 5.15.25, 5.10.102 విడుదల, మార్చి 7న బహిరంగ ప్రకటన.

6. సరిచేయడం: మూడు ప్రయత్నాలు

మళ్లీ మన సెన్సర్ డ్రైవర్ దగ్గరికి.

మొదటి ప్రయత్నం, అందరూ చేసేదే: కేఫ్రీ తర్వాత పాయింటర్‌ని నల్ చేసి, వర్క్‌లో "నల్ అయితే వెనక్కి వెళ్లు" అని రాయడం. ఇది పనిచేయదు. వర్క్ దగ్గర ఆ పాయింటర్‌కి సొంత కాపీ ఉంది, మీరు నల్ చేసింది వేరే కాపీని. ఒకవేళ రెండూ ఒకటే అయినా, చెక్ చేసిన మరుక్షణం ఇంకో సీపీయూ మీద కేఫ్రీ జరగొచ్చు. కిటికీ చిన్నదవుతుంది, మూసుకోదు. కిటికీ చిన్నదైతే క్రాష్ అరుదుగా వస్తుంది, మీరు ఫిక్స్ అయిందనుకుంటారు, దాడి చేసేవాడు మాత్రం లక్షసార్లు ప్రయత్నిస్తాడు, వాడికేం తొందర.

రెండో ప్రయత్నం: క్యాన్సిల్ డిలేడ్ వర్క్ సింక్. ఇది నడుస్తున్న వర్క్ పూర్తయ్యేదాకా ఆగుతుంది, తనను తాను మళ్లీ క్యూలో పెట్టుకునే వర్క్‌ని కూడా ఆపుతుంది. ఆ కాసాన్ రిపోర్ట్ మాయమవుతుంది. చాలామంది ఇక్కడ ప్యాచ్ పంపేస్తారు. కానీ ఒక ప్రోగ్రామ్ ఆ డివైస్ ఫైల్‌ని తెరిచి పట్టుకుని, సెన్సర్ పీకేసిన తర్వాత రీడ్ కొడితే? ఫైల్ దగ్గరున్న ప్రైవేట్ డేటా పాయింటర్ ఇంకా ఆ చచ్చిన స్ట్రక్ట్‌నే చూపిస్తోంది. అదే జాతి బగ్, ఇంకో గుమ్మంలోంచి.

మూడో ప్రయత్నం: స్ట్రక్ట్ ఎవరి సొత్తో లెక్క తేల్చడం. కేరెఫ్ (ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్) పెట్టండి. ప్రోబ్ ఒక రెఫరెన్స్ పట్టుకుంటుంది, ఓపెన్ అయిన ప్రతి ఫైలూ ఒకటి పట్టుకుంటుంది, రిలీజ్‌లో వదిలేస్తుంది. ఆఖరివాడు వదిలినప్పుడే కేఫ్రీ.

ఇక డిస్‌కనెక్ట్‌లో పనుల వరుస. రాత్రి కిరాణా షాపు కట్టేసేటప్పుడు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి, షట్టర్ సగం దించుతారు, లోపలున్నవాళ్లకి సరుకిచ్చి పంపిస్తారు, లైట్లు ఆర్పుతారు, ఆ తర్వాతే తాళం. ఇక్కడా అంతే:

- ముందు యూఎస్‌బీ డీరిజిస్టర్ డెవ్. ఇక కొత్తగా ఓపెన్ చేయడానికి ఎవరూ రాలేరు.
- మ్యూటెక్స్ (ఒకసారికి ఒకరికే దొరికే లాక్) పట్టుకుని "డివైస్ పోయింది" అనే ఫ్లాగ్ పెట్టి, మ్యూటెక్స్ వదలండి. రీడ్, ఐఆక్టిల్ ఫంక్షన్లు అదే మ్యూటెక్స్ కింద ఈ ఫ్లాగ్ చూసుకుని, పోయిందని ఉంటే ఈనోడెవ్ (డివైస్ లేదనే ఎర్రర్) తిప్పి పంపాలి. వర్క్‌ని క్యూలో పెట్టే లైన్ వాటిలో ఉంటే, అది కూడా ఈ చెక్ తర్వాత, మ్యూటెక్స్ వదలకముందే నడవాలి.
- ఇప్పుడు క్యాన్సిల్ డిలేడ్ వర్క్ సింక్, యూఎస్‌బీ కిల్ యూఆర్‌బీ (ఇంకా పూర్తికాని యూఎస్‌బీ అభ్యర్థనని ఆపేది).
- చివర్లో ప్రోబ్ పట్టుకున్న రెఫరెన్స్ వదిలేయడం.

రెండో అడుగులో మ్యూటెక్స్ వదలమన్నానే, అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మ్యూటెక్స్ పట్టుకుని ఉండగానే సింక్ పిలిస్తే, వర్క్ కూడా ఆ మ్యూటెక్స్ తీసుకునేదైతే, అది మ్యూటెక్స్ కోసం కూర్చుంటుంది, మీరు వర్క్ కోసం కూర్చుంటారు, ఇద్దరూ తెల్లార్లూ కూర్చుంటారు. లాక్‌డెప్ ఆన్‌లో ఉంటే అసలు డెడ్‌లాక్ జరగకముందే ఇది కనిపిస్తుంది.

ఒక పాయింటర్‌ని లిస్ట్‌లోంచో టేబుల్‌లోంచో వెతికి పట్టుకునే కోడ్ ఉంటే, మామూలు కేరెఫ్ గెట్ సరిపోదు. లెక్క సున్నాకి పడిపోయిన వస్తువుని మళ్లీ లేపడం శవాన్ని లేపడమే. అక్కడ కేరెఫ్ గెట్ అన్‌లెస్ జీరో వాడాలి, వెతికేటప్పుడు ఆ మెమరీ మాయం కాకుండా లాక్ గానీ ఆర్‌సీయూ (చదువుతున్నవాళ్లు పూర్తయ్యేదాకా మెమరీని వదలనివ్వని పద్ధతి) గానీ కాపలా ఉండాలి.

7. మిగతా జాతి బగ్‌లకి ఏం వాడాలి

వీటికి అంత కథ ఉండదు, ఒక్కొక్కటిగా చెప్పేస్తాను.

లెక్క పొంగిపోవడం: యూజర్ ఇచ్చిన సంఖ్యని సైజుతో గుణించి మెమరీ తీసుకుంటే, గుణకారం పొంగి చిన్న ముక్క వస్తుంది, పెద్ద రాత జరుగుతుంది. కేమాలోక్ ఎర్రే, స్ట్రక్ట్ సైజ్, చెక్ మల్ ఓవర్‌ఫ్లో ఉన్నాయి, వాడండి. సొంతంగా "ఎ ఇంటు బి, ఎ కన్నా తక్కువైతే" లాంటి చెక్‌లు రాయకండి, అవి సగం తప్పులే.

మైనస్ సంఖ్య: పొడవు ఇంట్‌లో ఉంటే, మైనస్ ఒకటి కూడా "మ్యాక్స్ కన్నా ఎక్కువా?" అనే చెక్‌ని దర్జాగా దాటుతుంది, కాపీ చేసేటప్పుడు బ్రహ్మాండమైన పాజిటివ్ సంఖ్య అవుతుంది. టైప్‌ని సైజ్ టీ చేయండి.

రెండుసార్లు చదవడం: యూజర్ మెమరీలోంచి ముందు పొడవు చదివి, చెక్ చేసి, తర్వాత స్ట్రక్ట్ మొత్తం మళ్లీ చదివితే, ఆ మధ్యలో ఇంకో థ్రెడ్ పొడవు మార్చేస్తుంది. ఒక్కసారే కాపీ చేసి, ఆ కాపీనే నమ్మండి.

సమాచారం కారడం: ఒక ఇంట్, దాని తర్వాత ఒక పాయింటర్ ఉన్న స్ట్రక్ట్‌లో, 64 బిట్ మెషీన్ మీద మధ్యలో 4 బైట్ల ఖాళీ ఉంటుంది. ఫీల్డ్‌లన్నీ నింపినా ఆ ఖాళీలో పాత స్టాక్ చెత్త ఉంటుంది, కాపీ టు యూజర్‌తో అది బయటికి పోతుంది. ఫీల్డ్‌లు నింపేముందు మెమ్‌సెట్ కొట్టండి, హీప్ మీదైతే కేజాలోక్.

ఎర్రర్ దారి: గోటూ లేబుళ్ల మీదుగా వెనక్కి వచ్చేటప్పుడు రెండుసార్లు ఫ్రీ కావడమో, లాక్ వదలకుండా వచ్చేయడమో. ప్రతి లేబుల్ దగ్గరా వేలు పెట్టి "ఇక్కడికి వచ్చేసరికి నా చేతిలో ఏమేం ఉన్నాయి?" అని చదువుకోండి. ఇంతకన్నా తెలివైన పద్ధతి నాకు తెలియదు.

8. ఇరుగుపొరుగు ఇళ్లలో కూడా వెతకండి

ఒక డ్రైవర్‌లో ఈ తప్పు ఉందంటే, ఆ డ్రైవర్‌ని కాపీ కొట్టి రాసిన పక్క డ్రైవర్‌లోనూ ఉంటుంది. గిట్ గ్రెప్ కొట్టండి, ఓపిక ఉంటే కాక్సినెల్‌తో (కోడ్ నమూనాలు వెతికే టూల్) ఒక నమూనా రాసి చెట్టంతా గాలించండి.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో డర్టీ కౌ అనే బగ్ చూపించింది. సీవీఈ-2016-5195, 2007 నాటి 2.6.22 నుంచి ఉన్న రేస్. 2016 అక్టోబర్‌లో లినస్ టోర్వాల్డ్సే ఫిక్స్ రాశాడు, పదకొండేళ్ల కిందట తానే ఒకసారి సరిచేయబోయాననీ, ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మెషీన్ల మీద వచ్చిన ఇబ్బంది వల్ల దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందనీ ఆ కమిట్ సందేశంలోనే ఒప్పుకున్నాడు. మామూలు మెమరీ పేజీల దారి బాగుపడింది. కానీ అదే తర్కాన్ని పెద్ద పేజీల దారికి తెచ్చినప్పుడు, అక్కడ, రాసేముందు జరగాల్సిన కాపీ జరగకుండానే డర్టీ బిట్ (పేజీలో రాశారని చెప్పే గుర్తు) పడే సందు ఒకటి మిగిలింది. 2017 నవంబర్‌లో అది మళ్లీ బయటపడింది, సీవీఈ-2017-1000405. అంత పెద్దవాళ్లకే జరిగింది, కాబట్టి మీరు ఇంకో గంట వెతికితే నామోషీ ఏం లేదు.

9. టెస్ట్ చేయడం

- ఫిక్స్ లేకుండా పేలుతుంది, ఫిక్స్‌తో పేలదు. రెండూ ఒకే రోజు, ఒకే కాన్ఫిగ్ మీద చూడండి.
- ఎండిలే పెట్టి కిటికీ పెద్దది చేసిన కెర్నెల్ మీద కూడా నడపండి.
- కాసాన్ లేని మామూలు కెర్నెల్ మీద కూడా నడపండి, కాసాన్ నెమ్మదిగా నడవడం వల్ల కొన్ని రేస్‌లు దాక్కుంటాయి.
- ఆ సబ్‌సిస్టమ్ సెల్ఫ్‌టెస్టులు.
- మెమరీ దొరకని పరిస్థితిని ఫాల్ట్ ఇంజెక్షన్‌తో పుట్టించి ఎర్రర్ దారులు చూడండి.
- లాక్‌డెప్ మౌనంగా ఉందా?

మొదట కాగితం మీద రాసుకున్న అంకె ఇప్పుడు తీయండి. ఇరవైకొకసారి పేలే బగ్ అనుకుందాం. ఫిక్స్ తర్వాత 60 సార్లు శుభ్రంగా నడిచిందంటే సంబరపడొద్దు, ఫిక్స్ ఏమీ పనిచేయకపోయినా అదృష్టవశాత్తూ అలా జరిగే అవకాశం ఇంకా 5 శాతం దాకా ఉంది. 100 సార్లకి అది 0.6 శాతానికి పడిపోతుంది. నేనైతే రాత్రంతా నడిపిస్తాను, కరెంట్ బిల్లే కదా.

10. ప్యాచ్ రాయడం, పంపడం

ఒక ప్యాచ్‌లో ఒక ఫిక్సే. దారిలో కనిపించిన స్పెల్లింగ్ తప్పులు, ఇండెంట్లు ముట్టుకోవద్దు, వాటివల్ల బ్యాక్‌పోర్ట్ చేసేవాడు (ఫిక్స్‌ని పాత కెర్నెల్‌కి తెచ్చేవాడు) అవస్థ పడతాడు.

కమిట్ సందేశంలో ఏం తప్పు, ఎలా జరుగుతుంది, ఈ మార్పు దాన్ని ఎలా ఆపుతుంది, ఈ మూడూ ఉండాలి. రెండు సీపీయూల రేస్ అయితే పక్కపక్కనే రెండు నిలువు వరుసలుగా ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో గీయండి, రివ్యూ చేసేవాళ్లకి అది వెయ్యి మాటల పెట్టు. దాడి ఎలా చేయాలో వంటకంలా వివరించక్కర్లేదు, అలాగని నిజం దాచి "చిన్న క్లీనప్" అని రాయడమూ తప్పే, స్టేబుల్ వాళ్లు దాన్ని పక్కన పడేస్తారు.

కింద ఉండాల్సిన ట్యాగ్‌లు:

- ఫిక్సెస్: కమిట్ ఐడీలో కనీసం 12 అక్షరాలు, తర్వాత ఆ కమిట్ శీర్షిక
- రిపోర్టెడ్ బై, దాని వెంటనే రిపోర్ట్ లింక్‌తో క్లోజెస్
- సీసీ స్టేబుల్
- సైన్డ్ ఆఫ్ బై: మీరు నిజంగా వాడే పేరు

చెక్‌ప్యాచ్ (ప్యాచ్ రాతలో తప్పులు చూపే స్క్రిప్ట్) నడపండి, గిట్ సెండ్ ఈమెయిల్‌తో పంపండి. బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి ప్యాచ్ పేస్ట్ చేస్తే ట్యాబులన్నీ స్పేసులైపోతాయి, అవతల అతకదు. ముందు మీకు మీరే పంపుకుని, వచ్చిన మెయిల్‌ని గిట్ ఏఎమ్‌తో అతికించి చూడండి.

జవాబు రాకపోతే కనీసం వారం ఆగి గుర్తుచేయండి. కామెంట్ కటువుగా వస్తే టెన్షన్ పడకండి, అది కోడ్ మీద, మీ మీద కాదు (అప్పుడప్పుడు మీ మీద కూడా, వదిలేయండి). వీ2 (సవరించిన రెండో ప్యాచ్) పంపేటప్పుడు ఏం మార్చారో మూడు గీతల కింద రాయండి.

11. స్టేబుల్, బ్యాక్‌పోర్ట్

మెయిన్‌లైన్‌లోకి (లినస్ నడిపే అసలు చెట్టు) వెళ్లకుండా స్టేబుల్‌లోకి వెళ్లదు. ప్యాచ్ చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదన్నది వాళ్ల నియమం. ఫిక్సెస్ ట్యాగ్ ఒక్కటే పెట్టి సీసీ స్టేబుల్ మర్చిపోతే, వాళ్లు తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు, గ్యారంటీ లేదు.

పాత కెర్నెల్‌కి అతకలేదని మెయిల్ వస్తే, మీరే బ్యాక్‌పోర్ట్ చేసి పంపాలి. చెర్రీ పిక్ కొట్టి, కాన్‌ఫ్లిక్ట్ తీర్చి, సందేశంలో మొదట అసలు కమిట్ ఐడీ, అది అప్‌స్ట్రీమ్ అన్న మాట రాయాలి. ఇక్కడ ప్రమాదమేంటంటే, కాన్‌ఫ్లిక్ట్ లేకుండా అతికిన ప్యాచ్ కూడా తప్పు కావొచ్చు: కొత్త కెర్నెల్‌లో పిలిచే ఫంక్షన్ లాక్ పట్టుకుని ఉంటుంది, పాతదాంట్లో పట్టుకోదు. అందుకే పాత కెర్నెల్ మీద బగ్‌ను ముందు రప్పించి, ఆ తర్వాతే ఫిక్స్ పెట్టి చూడాలి, మూడో విభాగం మళ్లీ మొదటి నుంచీ.

12. ఇరుక్కున్నప్పుడు

"నా దగ్గర పేలట్లేదు": రిపోర్ట్‌తో వచ్చిన కాన్ఫిగ్ వాడారా? సీపీయూలు ఎన్ని ఇచ్చారు? ఒకటే ఇస్తే చాలా రేస్‌లు రావు, కనీసం రెండు ఇవ్వండి.

"ఫిక్స్ తర్వాత మెషీన్ బిగుసుకుపోతోంది": దాదాపు ఎప్పుడూ లాక్ పట్టుకుని సింక్ పిలవడమే. కన్సోల్‌లో సిస్‌ఆర్‌క్యూ డబ్ల్యూ కొట్టండి, ఎవరు ఎక్కడ ఆగారో చూపిస్తుంది.

"వార్న్ ఆన్ పెట్టాను, సరిపోతుందా?": అది అనుకోనిది జరిగితే లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది, అంతే. యూజర్ తాకగల దారిలో పెట్టకండి. పానిక్ ఆన్ వార్న్ (హెచ్చరిక రాగానే మెషీన్‌ని ఆపేసే సెట్టింగ్) ఉన్న మెషీన్లలో అదే కొత్త బగ్, ఎవడైనా మెషీన్‌ని పడగొట్టేస్తాడు. బగ్ ఆన్ (హెచ్చరికతో ఆగకుండా అక్కడే క్రాష్ చేసేది) అయితే మాట్లాడటానికే లేదు.

"యూజర్ ప్రోగ్రామ్ ఒకటి పనిచేయడం మానేసింది": మీ చెక్ మరీ గట్టిగా ఉంది. పాత ప్రోగ్రామ్‌లు అప్పటిదాకా ఇస్తూ వచ్చిన విలువల్ని తిప్పికొడితే సెక్యూరిటీ ఫిక్స్ అయినా సరే వెనక్కి తీసేస్తారు. కారణం సెక్యూరిటీ అని వాదించి లాభం లేదు, ఇంకో దారి వెతకాలి.

"ఫిక్స్ వచ్చేదాకా సర్వర్ల సంగతేంటి?": ఆ మాడ్యూల్ అక్కర్లేకపోతే బ్లాక్‌లిస్ట్ చేయండి, అయితే ఒట్టి బ్లాక్‌లిస్ట్ లైన్ ఆటో లోడ్‌ని మాత్రమే ఆపుతుంది కాబట్టి, ఇన్‌స్టాల్ లైన్‌లో బిన్ ఫాల్స్ కూడా పెట్టండి. యూజర్ నేమ్‌స్పేస్ మీద ఆధారపడిన బగ్ అయితే మ్యాక్స్ యూజర్ నేమ్‌స్పేసెస్‌ని సున్నా చేయొచ్చు, కాకపోతే కొన్ని కంటెయినర్లు, బ్రౌజర్ శాండ్‌బాక్సులు అలుగుతాయి.

"ప్యాకేజీ అప్‌డేట్ చేశాను, అయినా స్కానర్ బగ్ ఉందంటోంది": యునేమ్ మైనస్ ఆర్ కొట్టి చూడండి, రీబూట్ చేయలేదేమో. చేసినా అలాగే అంటుంటే, డిస్ట్రో వాళ్లు ఫిక్స్‌ని పాత వెర్షన్ నంబర్ మీదే బ్యాక్‌పోర్ట్ చేసి ఉంటారు, స్కానర్ నంబర్ మాత్రమే చూస్తోంది. ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో ఆ సీవీఈ నంబర్ కోసం గ్రెప్ కొడితే తేలిపోతుంది.